ఇల్లు కట్టి చూడు, నిబంధన చదివి చూడు

– ఒక పూర్వ విద్యార్థి, ఎం.టెక్. (స్ట్రక్చరల్ ఇంజనీరింగ్)

"ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు" అన్నారు మన పెద్దలు. ఆ రెండింటిలోని ఖర్చూ కష్టమూ అనుభవించినవాళ్లు చెప్పిన మాట అది. మా ఇళ్లలో మాత్రం ఈ సామెతను కొంచెం మార్చి చెప్పుకోవాలి. మావాళ్లు తమ కోసం కట్టుకునేది జీవితంలో ఒక్క ఇల్లు. ఊళ్లోవాళ్లకు కట్టి ఇచ్చేవి లెక్కలేనన్ని. ఆదోని, ఎమ్మిగనూరు చుట్టుపక్కల పల్లెల్లో వానలు సరిగా పడని ఏడాది పంట చేతికి రాదు. అప్పుడు కొందరు సుగ్గికని గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి పోతారు. కొందరు బెంగళూరుకో హైదరాబాదుకో బేల్దారి పనికి పోతారు. ఈ సంచిక చదువుతున్న తమ్ముళ్లలో, చెల్లెళ్లలో ఎంతోమందికి నాయన తాపీ పట్టినవాడో, అమ్మ కాంక్రీటు తట్ట మోసినదో అయి ఉంటుంది. అందుకే వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి ఇవ్వమని మిత్రులు అడిగినప్పుడు, మన అందరి ఇళ్లకు సంబంధించిన విషయమే రాయాలనిపించింది. అదే భవన నిర్మాణ నిబంధనలు.

నిబంధనలు అనగానే అది మునిసిపాలిటీ వాళ్లకు, లాయర్లకు సంబంధించిన సంగతి అనుకుంటాం. "ప్లాన్ అప్రూవల్ అయిందా?" అంటే "చలానా కట్టావా?" అనే అర్థంలోనే మన ఊళ్లలో వాడతారు. మా నాయన ముప్పై ఏళ్లుగా ఆదోనిలో బేల్దారి. ఇంత కాలంలో ఆయన ఆ నిబంధనల పుస్తకం అట్ట కూడా చూడలేదు. ఎవరూ చూపించలేదు. నేను ఇంజనీరింగ్ మూడో ఏడాదిలో మొదటిసారి చూశాను. చదువుతూ ఉంటే ఒక విషయం మనసుకు పట్టుకుంది. కట్టేవాడికి చట్టం తెలియదు. చట్టం చదివినవాడు కట్టే చోటికి రాడు. ఈ ఇద్దరి మధ్య ఉన్న ఖాళీలోనే ఇళ్లు కూలుతున్నాయి, మనుషులు పోతున్నారు.

మొదట మన మట్టి మిద్దెల సంగతి చూద్దాం. నేను పుట్టింది మిద్దెలోనే. రాళ్లూ మట్టీ కలిపి కట్టిన లావు గోడలు, వాటి మీద దూలాలు, దూలాల మీద దంతెలు, ఆ పైన బండలో కట్టెలో పరిచి, అన్నిటికంటే పైన చవుడు మట్టి. ఎండాకాలం మిద్దె కింద ఉన్న చల్లదనం ఏ ఫ్యాను కిందా దొరకదు. మన పూర్వీకులు ఈ ఎండలను తట్టుకోవడానికి కనిపెట్టిన మంచి కట్టుబడి అది. అయితే దానికి ఒక బలహీనత ఉంది. వానకు మిద్దె ఉరిస్తే మనం ఏం చేస్తాం? మీద ఇంకో పొర చవుడు పోస్తాం. మరుసటి ఏడాది మళ్లీ పోస్తాం. పాత మట్టి తీసేవాళ్లు తక్కువ. ఒకసారి సరదాకి లెక్క వేశాను. పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవు ఉన్న గది మీద అడుగు మందం మట్టి ఉంటే దాని బరువు 5 టన్నుల పైనే. నాలుగు రోజులు ముసురు పట్టి అది నీళ్లు పీల్చుకుంటే ఇంకో టన్ను చేరుతుంది. ఆ బరువు మోసే దూలం గోడలోకి చొచ్చుకున్న కొస దగ్గర చెదలు పట్టి ఉంటుంది. గోడలోని మట్టి అదే వానకు నాని మెత్తబడి ఉంటుంది. కింద పిల్లలు పడుకుని ఉంటారు.

ఇది ఊహించి రాస్తున్నది కాదు. 2024 ఆగస్టులో నంద్యాల జిల్లా చాగలమర్రి మండలం చిన్నవంగలిలో రాత్రి వేళ మిద్దె కూలి ఒకే ఇంట్లో నలుగురు నిద్రలోనే చనిపోయారు. 2022లో జిల్లాలు విడిపోకముందు అది మన కర్నూలు జిల్లాలోని ఊరే. 2009 అక్టోబరు వరదల్లో తుంగభద్ర పొంగి మంత్రాలయం, కర్నూలు మునిగినప్పుడు నానిన మట్టి గోడలు ఎట్లా జారిపోయాయో మన పెద్దవాళ్లను అడిగితే చెబుతారు. మన ప్రాంతం దాటి చూస్తే 1993 సెప్టెంబరు 30న మహారాష్ట్రలోని కిల్లారి భూకంపం ఉంది. తెల్లవారుజామున నాలుగు గంటల లోపే వచ్చిన ఆ భూకంపంలో దాదాపు 8 వేల మంది చనిపోయారు. అక్కడి ఇళ్లు కూడా అచ్చం మన మిద్దెల లాంటివే. మట్టితో కట్టిన రాతి గోడలు, కట్టె దూలాలు, వాటి మీద మందంగా మట్టి. అది భూకంపాల భయం బాగా తక్కువ అని పటంలో గుర్తు పెట్టిన ప్రాంతం. ఆ అనుభవం తర్వాత, 2002లో సవరించిన ఐ.ఎస్. 1893 ప్రమాణంలో ఒకటో జోన్‌ను పూర్తిగా తీసేసి రెండో జోన్‌లో కలిపారు. అంటే మన దేశంలో "ఇక్కడ ఏ భయమూ లేదు" అని చెప్పదగ్గ చోటు పటంలో లేకుండా పోయింది.

ఇలాంటి రాతి ఇళ్లకు కూడా నియమాలున్నాయి. బలం తక్కువ ఉన్న కట్టుబడి కోసం 1993లోనే ఐ.ఎస్. 13828 అనే ప్రమాణం వచ్చింది. అందులో ఒక నియమం నాకు చాలా నచ్చింది. రాతి గోడలో లోపలి వరుస, బయటి వరుస విడిపోకుండా గోడ మందమంతా పట్టే పొడుగు రాళ్లను, ఎత్తులో ప్రతి రెండడుగులకు, పొడవులో ప్రతి నాలుగడుగులకు ఒకటి చొప్పున పెట్టాలి. ఈ సంగతి నాయనకు చెబితే నవ్వి, "ఇది మా జేజినాయనకే తెలుసు కదప్పా. రాయి కొట్టేదానికి కూలి ఎక్కువైతాదని ఇడిసిపెట్టినారు" అన్నాడు. నిబంధన అంటే ఎక్కడో ఢిల్లీలో పుట్టిందని అనుకుంటాం. చాలా నిబంధనలు మన తాతల చేతుల్లో ఉన్నవే. ఖర్చు తగ్గించుకునే తొందరలో మనం వదిలేసిన వాటిని పుస్తకం గుర్తు పెట్టుకుంది, అంతే.

ఎమ్మిగనూరులో ఇంకో రకం ఇళ్లు చూశాను. హాస్టల్లో నాతో పాటు చదివిన మిత్రుడిది చేనేత కుటుంబం. 1938లో మాచాని సోమప్ప గారు స్థాపించిన చేనేత సహకార సంఘం వల్ల దేశమంతా పేరు తెచ్చుకున్న ఊరు అది. మిత్రుడి ఇంట్లో ముందు గదిలోనే గుంత మగ్గం. నేసేవాళ్లు గుంతలో కాళ్లు పెట్టి కూర్చుంటారు. స్థలం చాలక ఆ గుంతను గోడకు ఆనుకునే తవ్వారు. వాన గట్టిగా పడితే గుంతలోకి ఊట వస్తుంది, గోడ అడుగు తడుస్తుంది. ఇల్లే పనిచేసే చోటు అయిన వాళ్లకు పునాది పక్కన గుంత ఎంత దూరంలో ఉండాలో చెప్పేవాళ్లు ఉండాలి. గుంత లోతు ఎంతో, పునాదికి కనీసం అంత ఎడం ఉంటే మేలు అని మా క్లాసులో చెప్పిన సూత్రం. ఆ ఒక్క మాట ఆ వీధిలో ఎవరికైనా ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది అనుకున్నాను.

ఇల్లు కూలితే బాధ్యత ఎవరిది అనే ప్రశ్న చాలా పాతది. సుమారు 3,750 ఏళ్ల కిందట బాబిలోను రాజు హమ్మురాబి రాయించిన శాసనంలో, ఇల్లు కూలి యజమాని చనిపోతే కట్టినవాడికి మరణశిక్ష వేయాలని ఉంది. యజమాని కొడుకు చనిపోతే కట్టినవాడి కొడుకును చంపాలట! ఇది చదివినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. కట్టినవాడంటే మా నాయనే కదా, కొడుకును నేనే కదా! ఇప్పటి చట్టం అంత క్రూరం కాదు. బాధ్యతను పంచుతుంది. స్థలం యజమాని, ప్లాను గీసిన లైసెన్సుదారు, లెక్క కట్టిన స్ట్రక్చరల్ ఇంజనీరు, కట్టించిన బిల్డరు, అనుమతి ఇచ్చిన అధికారి ఇలా ఒక్కొక్కరికి ఒక్కొక్క పని అప్పజెప్పింది. కాని ఏదైనా జరిగినప్పుడు మొదట దొరికేది, మొదట పోయేది మాత్రం బేల్దారీ, కూలీలే.

ఆదోని మునిసిపాలిటీ 1865లో ఏర్పడింది. మనం మద్రాసు రాష్ట్రంలో బళ్లారి జిల్లా కింద ఉన్న రోజుల నుంచే ఈ ఊళ్లో కట్టడాలకు నియమాలు ఉన్నాయన్నమాట. ఆ తర్వాత 1965లో ఆంధ్రప్రదేశ్ పురపాలక సంఘాల చట్టం వచ్చింది. పడిపోయేలా ఉన్న కట్టడాన్ని బాగు చేయమనో పడగొట్టమనో యజమానికి నోటీసు ఇచ్చే అధికారం మునిసిపాలిటీకి ఉంది. జాతీయ భవన నిర్మాణ నియమావళి మొదట 1970లో వచ్చి, 1983, 2005, 2016 సంవత్సరాల్లో మారింది. మన రాష్ట్రంలో 2012లో ఒకసారి, 2017లో మరోసారి భవన నిర్మాణ నిబంధనలు ఇచ్చారు. పల్లెలకు 2002లో గ్రామ పంచాయతీ లేఅవుటు, భవన నిబంధనలు వచ్చాయి. కాగితం మీద మనకు లోటు లేదు.

ఈ నిబంధనలను నేను రెండు భాగాలుగా అర్థం చేసుకున్నాను. ఒకటి రోడ్డు మీద నిలబడితే కనిపించేది. ముందు ఎంత స్థలం వదిలారు, పక్కల ఎంత వదిలారు, ఎన్ని అంతస్తులు వేశారు, మెట్లు ఎంత వెడల్పు. ఇవి గాలికి, వెలుతురుకు, మంటలు లేస్తే బయటపడటానికి, పక్కవాడి పునాదికి దెబ్బ తగలకుండా ఉండటానికి పెట్టినవి. రెండోది మట్టిలో, కాంక్రీటులో దాగిపోయేది. పునాది లోతు, కమ్మీల లావు, రింగుల దూరం, సిమెంటు పాలు, నీళ్ల కొలత. మొదటిది తప్పితే టేపు పట్టి చూసేవాళ్లున్నారు. రెండోది తప్పితే చూసేవాళ్లు లేరు. కాంక్రీటు పోసిన మరుసటి రోజు నుంచి అది ఎవరికీ కనిపించదు. దాన్ని చివరిసారి చూసే మనిషి బేల్దారి. అంటే చట్టంలో ప్రాణాలకు సంబంధించిన భాగం అంతా, చట్టం ఎన్నడూ పలకరించని మనిషి చేతిలో ఉంది.

ఆ రెండో భాగంలోని కొన్ని లెక్కలు ఇక్కడ రాస్తాను. దయచేసి ఇంటికి పోయినప్పుడు నాయనకో మామకో చదివి వినిపించండి. ఇవి 2000లో సవరించిన ఐ.ఎస్. 456 ప్రమాణంలోనివి. కమ్మీలు వేసే కాంక్రీటు కనీసం ఎం-20 రకం ఉండాలి. అంటే మామూలు కలుపులో ఒక పాలు సిమెంటు, ఒకటిన్నర పాళ్లు ఇసుక, మూడు పాళ్లు కంకర. ఒక బస్తా సిమెంటుకు నీళ్లు 30 లీటర్లు మించకూడదు. మన దగ్గర పైపు పెట్టి జారుగా అయ్యేదాకా పోస్తారు. జారుగా ఉంటే తట్ట మోసేవాళ్లకు, పరిచేవాళ్లకు సులభం. కాని ఎక్కువైన నీరు ఆవిరై పోయిన చోటల్లా సన్నని ఖాళీలు మిగిలి కాంక్రీటు బలం పోతుంది. ఇక కమ్మీకి బయట ఉండే కాంక్రీటు పొర. స్లాబులో 20 మిల్లీమీటర్లు, పిల్లరులో 40, పునాదిలో 50. కింద బిళ్లలు పెట్టకుండా సెంట్రింగు రేకు మీదే కమ్మీలు పరిస్తే, పదేళ్లకు తుప్పు పట్టి ఉబ్బి గచ్చు పెళ్లలు రాలిపోతాయి. నీళ్లు పట్టడం మామూలు సిమెంటుకు కనీసం 7 రోజులు, మన ఆదోని లాంటి ఎండల్లో 10 రోజులకు తగ్గకూడదు. బూడిద కలిసిన సిమెంటు అయితే ఆ ఎండకు 14 రోజులు మంచిది.

ఇంకొక్క లెక్క ఉంది. స్లాబు కింద పెట్టిన పోట్లు ఎన్ని రోజులకు తీయాలి? గోడకు గోడకు మధ్య దూరం నాలుగున్నర మీటర్ల లోపు ఉంటే 7 రోజులు, అంతకు మించితే 14 రోజులు. దూలాలకైతే ఆరు మీటర్ల లోపు 14 రోజులు, ఆ పైన 21 రోజులు. ఈ లెక్క నేను పుస్తకంలో చదవకముందే మా మామ కాలు మీద చదివాను. మా అమ్మ తమ్ముడు ఆయన. ఒక ఏడాది సుగ్గి కాలంలో బెంగళూరులో సెంట్రింగు పనికి పోయాడు. ఐదో రోజే పోట్లు తీయమన్నారు. ఇంకో చోట స్లాబుకు ఆ పోట్లు కావాలట. తీస్తుంటే ఒక మూల దిగబడి మామ కాలి మీద పడింది. మోకాలి కింద తీసేశారు. కట్టించిన కాంట్రాక్టరు పేరు మామకు తెలియదు. తెలిసింది తీసుకుపోయిన మేస్త్రీ పేరే. ఆయన ఆస్పత్రి ఖర్చు కొంత పెట్టి మళ్లీ కనబడలేదు. మామ కార్మికుడుగా ఎక్కడా నమోదు కాలేదు. 1996లోనే భవన నిర్మాణ కార్మికుల కోసం చట్టం చేసి, కట్టడం ఖర్చులో ఒక శాతం సెస్సు వసూలు చేసి సంక్షేమ బోర్డులు పెట్టారు. 2025 నవంబరులో ఆ చట్టాలను కొత్త లేబర్ కోడ్‌లలో కలిపారు. చట్టం పేరు ఏదైనా, పుస్తకంలో పేరు లేనివాడికి అందేది ఏమీ లేదు. మామ ఇప్పుడు ఊళ్లో చిన్న బంకు పెట్టుకున్నాడు. "ఇంకో రెండు దినాలు ఆగింటే సరిపోయేదా అల్లుడా?" అని నన్ను అడిగాడు. ఆ స్లాబుకు సరిపోయేది. ఆ మాట ఆయనకు చెప్పడం నాకు చాలా కష్టమైంది.

మన ఇంటి సంగతి కూడా చెబుతాను. మాది పట్టణం అంచున రెండున్నర సెంట్ల జాగాలో పదిహేనేళ్ల కిందట నాయన తన చేతులతో కట్టిన ఒక అంతస్తు ఇల్లు. పిల్లర్ల పైన కమ్మీలు మూరెడు వదిలిపెట్టి ఉన్నాయి. మన ఊళ్లలో ఏ కాలనీకి పోయినా ఇళ్ల మీద ఈ తుప్పు పట్టిన కమ్మీలు కనిపిస్తాయి. అవి కమ్మీలు కావు, మన ఆశలు. పెద్దోడి పెళ్లికి పైన ఒక గది, చిన్నోడి పెళ్లికి ఇంకొకటి. మా అన్నకు సంబంధం కుదిరినప్పుడు నాయన నన్ను పిలిచి, "ఏమప్పా ఇంజనీరూ, పైన ఏద్దామా వద్దా?" అన్నాడు. నేను ఒక పిల్లరు పక్కన తవ్వి చూద్దామన్నాను. పునాది మూడడుగుల లోతులో నల్లరేగడి మీదే ఆగి ఉంది. గరుసు ఇంకో మూడడుగుల కింద తగిలింది. రేగడి సంగతి మనకు తెలిసిందే. వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలు వారుతుంది. దాని మీద కూర్చున్న పునాది కూడా దానితో పాటు పైకీ కిందికీ ఆడుతుంది. అందుకే అలాంటి నేలలో గట్టి నేల తగిలేదాకా పోవాలనీ, లేదంటే అడుగున ఉల్లిగడ్డలా ఉబ్బి ఉండే పైల్సు వేయాలనీ ప్రమాణాల్లో ఉంది. పై అంతస్తు వద్దు నాయనా అన్నాను.

ఆయనకు కోపం కన్నా బాధ ఎక్కువ కలిగింది. "ముప్పై ఏండ్లు కట్టినా. నేను కట్టిన ఇల్లు ఒక్కటన్నా పడిందా?" అన్నాడు. నిజమే, పడలేదు. దానికి కారణం కూడా ఉంది. ఇంజనీర్లు లెక్క వేసేటప్పుడు ఇంటి మీద పడే బరువును ఒకటిన్నర రెట్లు చేసి లెక్కిస్తారు. సిమెంటు, కమ్మీల బలాన్ని కూడా కొంత తగ్గించి లెక్కలోకి తీసుకుంటారు. అందుకే చిన్న చిన్న లోపాలు ఉన్నా ఇల్లు నిలబడుతుంది. కాని ఆ మిగులు అనుకోని గాలికి, అదురుకు, వానకు దాచిపెట్టింది. నీళ్లు ఎక్కువ పోసి కొంత, కమ్మీ తగ్గించి కొంత, నీళ్లు పట్టక కొంత తినేసి, చివరికి దాని మీద ఇంకో అంతస్తు ఎక్కిస్తే మిగిలేది ఏమీ ఉండదు. ఇది చెబితే నాయన రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు దొడ్లో ఉన్న జాగాలో ముగ్గు పోశాడు. గరుసు తగిలేదాకా తవ్వి, వేరే పునాది మీద ఒక గది కట్టుకున్నాం. అన్న పెళ్లి నాలుగు నెలలు వెనక్కు జరిగింది, అప్పు 80 వేలు పెరిగింది. పిల్ల తరఫువాళ్లతో మాట పడ్డాం కూడా. భద్రత ఊరికే రాదు, బీదవాడికి ఇంకా ఖరీదుగా వస్తుంది. ఈ సంగతి దాచిపెట్టి నిబంధనల గురించి మాట్లాడటం న్యాయం కాదు. అయితే ఆ తర్వాత నాయన పనికి పోయిన ఒక ఇంటి దగ్గర యజమానితో "ఇంకో రెండడుగులు తవ్వకపోతే నేను రాయి పెట్టను" అని వాదించాడని అమ్మ చెప్పినప్పుడు, నా చదువుకు దొరికిన మొదటి జీతం అదే అనిపించింది.

పాత కట్టడం మీద అంతస్తులు పెంచుకుంటూ పోతే ఏమవుతుందో 2025 మార్చి 26న భద్రాచలంలో చూశాం. కట్టుబడిలో ఉన్న భవనం కూలి ఇద్దరు కూలీలు చనిపోయారు. 2024 అక్టోబరు 22న బెంగళూరు బాబుసాపాళ్యలో అనుమతికి మించి అంతస్తులు లేపుతున్న భవనం కూలి 9 మంది చనిపోయారు. మనవాళ్లు పనికి పోయే బెంగళూరే అది. 2016 డిసెంబరు 8 రాత్రి హైదరాబాదు నానక్‌రామ్‌గూడలో ఏడంతస్తుల భవనం కూలి 11 మంది చనిపోయారు. వారిలో విజయనగరం జిల్లా నుంచి వలస వచ్చిన కుటుంబాలవాళ్లు ఉన్నారు. అన్నిటికంటే పెద్దది 2014 జూన్ 28న చెన్నై దగ్గర మౌలివాక్కంలో జరిగింది. 11 అంతస్తుల భవనం వర్షంలో ఒక్కసారిగా కుప్పకూలి 61 మంది చనిపోయారు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి పోయిన తెలుగువాళ్లు అందులో చాలామంది. ఆ ఫ్లాట్లు కొనుక్కున్నవాళ్లు ఇంకా అందులోకి రానేలేదు. కట్టేవాళ్లే పోయారు. ఉత్తరాంధ్ర నుంచి చెన్నైకి పోయినా, ఆదోని నుంచి బెంగళూరుకు పోయినా మన కథ ఒకటే.

అనుమతి లేకుండా, అనుమతికి మించి కట్టిన వాటిని ఏం చేయాలి? ప్రభుత్వం 2007 చివర్లో, తర్వాత 2015లో, 2019లో బి.పి.ఎస్. పేరుతో అపరాధ రుసుము కట్టించుకుని వాటిని క్రమబద్ధం చేసే పథకాలు తెచ్చింది. బీదా బిక్కీ కట్టుకున్న ఇళ్లన్నీ పడగొట్టడం సాధ్యం కాదు కనుక అలాంటి పథకాల అవసరాన్ని నేను కాదనను. కాని రుసుము కడితే కాగితం సరి అవుతుంది గాని పునాది లోతు పెరగదు, పిల్లరులో కమ్మీ లావు కాదు. క్రమబద్ధం చేసేటప్పుడు చదరపు అడుగులతో పాటు ఆ ఇంటి బలం కూడా చూసే ఏర్పాటు ఉండాలి. 2025లో మన రాష్ట్రంలో 18 మీటర్ల ఎత్తు లోపు భవనాలకు, లైసెన్సు ఉన్న సాంకేతిక నిపుణుడి స్వీయ ధ్రువీకరణతోనే అనుమతి ఇచ్చే పద్ధతి వచ్చింది. ఆఫీసు చుట్టూ తిరిగే బాధ తప్పింది, మంచిదే. అయితే ఇకమీదట సంతకం పెట్టే మనిషి నిజాయితీయే ఆ ఇంటికి పునాది. స్థలం చూడకుండా, మట్టి తవ్వించకుండా పెట్టే సంతకం దొంగ సంతకంతో సమానం.

చివరగా మనం చదివే చోటు గురించి. నేను ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు ఒక పాత అద్దె భవనంలో ఉండేవాళ్లం. స్లాబు గచ్చు పెళ్లలు రాలుతుంటే ఆ మూల నుంచి ఈ మూలకు చాపలు జరుపుకునేవాళ్లం. అది ఎందుకు రాలుతుందో అప్పుడు తెలియదు. అడగవచ్చనీ తెలియదు. 2004 జూలై 16న తమిళనాడులోని కుంభకోణంలో బడి పూరి కప్పు అంటుకుని 94 మంది పిల్లలు కాలిపోయారు. ఆ ఘటన మీద వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2009 ఏప్రిల్ 13న తీర్పు ఇస్తూ, చదువుకునే హక్కులో భద్రమైన భవనంలో చదువుకునే హక్కు కూడా ఉందని చెప్పింది. బడి భవనాలు జాతీయ నియమావళి ప్రకారం ఉండాలని ఆదేశించింది. అయినా 2025 జూలై 25న రాజస్థాన్‌లోని ఝాలావాడ్ జిల్లాలో సర్కారు బడి కప్పు కూలి ఏడుగురు పిల్లలు చనిపోయారు. తీర్పు వచ్చి పదహారేళ్లు అయిన తర్వాత! అంతకు ముందే, 1995 డిసెంబరులో ఉత్తరప్రదేశ్ దళితుల ఇళ్ల స్థలాల కేసులో సుప్రీంకోర్టు ఇంకో మాట చెప్పింది. మనిషికి నీడ అంటే నెత్తిన కప్పు ఒక్కటే కాదు, భద్రమైన, గౌరవంగా బతకగలిగే కట్టడం కూడా అని. మన కోసం వేసిన కాలనీల గురించి చెప్పిన మాట అది. దానిని మనమే మరచిపోతే ఎట్లా?

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! మీలో కొందరు సివిల్ డిప్లొమా, ఇంజనీరింగ్ చదువుతారు. 2019లో సచివాలయాలు వచ్చాక గ్రామాల్లో ఇంజనీరింగ్ అసిస్టెంట్లుగా, వార్డుల్లో ప్లానింగ్ కార్యదర్శులుగా మన హాస్టళ్ల పిల్లలు చాలామంది చేరారు. రేపు మీరూ ఆ కుర్చీలో కూర్చోవచ్చు. అప్పుడు టేపుతో పాటు ఒక గడ్డపార కూడా పట్టుకుని పోండి, పునాది గుంతలోకి దిగి చూడండి. వేరే చదువులు చదివేవాళ్లు కూడా చేయగలిగిన పనులున్నాయి. వానాకాలానికి ముందే ఇంటి మిద్దె మీద పాత చవుడు తీయించి కొత్తది పలచగా పోయించండి. దూలాల కొసలు గోడలోకి పోయే చోట పుల్లతో గుచ్చి చూడండి. ఇంట్లో పనికి పోయేవాళ్ల పేర్లు కార్మికులుగా నమోదు చేయించి, కార్డు కాపీ ఒకటి ఇంట్లో ఉంచండి. సుగ్గికి పోయేటప్పుడు మేస్త్రీ పేరుతో పాటు కాంట్రాక్టరు పేరు, పని చోటు అడ్రసు కాగితం మీద రాయించుకోండి. హాస్టల్ గదిలో పెచ్చు రాలినా, గోడ పగిలినా వార్డెన్ గారికి రాతపూర్వకంగా ఇవ్వండి. అడగడం తప్పు కాదు, మన హక్కు.

మన కుటుంబాలు తరతరాలుగా ఇసుక, సిమెంటు మోశాయి. ఆ బరువు వెనక ఉన్న లెక్క చదివే అవకాశం మొదటిసారిగా మన తరానికి వచ్చింది. ఆ లెక్కను ఇంగ్లీషు పుస్తకాల్లో ఉంచకుండా, తాపీ పట్టిన చేతికి తెలుగులో చేర్చే పని కూడా మనదే. ఈ సంచికలో పైన రాసిన ఆ కొలతలున్న పేజీని ఎవరైనా చించి ఇంటికి తీసుకుపోయి పనిచోట గోడకు అంటిస్తే, పుస్తకం పాడైందని నేను బాధపడను. సంతోషిస్తాను.